వైట్ బిల్డింగ్: అమ్మతో కలిసి చూసిన కంబోడియా సినిమా

చిక్కడపల్లిలో మా అపార్ట్‌మెంటును డెవలప్‌మెంట్‌కి ఇచ్చి ఏడాదిన్నర అయింది. అందుకే 'వైట్ బిల్డింగ్' (2021) పెట్టుకున్నప్పుడు అమ్మను కూడా పక్కన కూర్చోబెట్టుకుని, సబ్‌టైటిల్స్ చదివి చెబుతూ చూశాను.

వైట్ బిల్డింగ్ అంటే కంబోడియా రాజధాని నాంపెన్‌లో 1963లో కట్టిన మున్సిపల్ ఫ్లాట్లు. 1975లో అధికారం పట్టిన కమ్యూనిస్టు దళం ఖ్మేర్ రూజ్ ఊరు ఊరంతా ఖాళీ చేయించింది. 1979లో ఆ పాలన పోయాక కళాకారుల కుటుంబాలు వచ్చి చేరాయి. 2017లో కూల్చేశారు. దర్శకుడు కవిచ్ నియాంగ్ పెరిగింది అక్కడే. మొదటి షాట్‌లో భవనం పైనుంచి కెమెరా మెల్లగా సాగుతుంటే ఆ మనిషి బెంగ తెలిసిపోతుంది.

హీరో సామ్నాంగ్ డాన్సు పిచ్చి ఉన్న కుర్రాడు. ఆ డాన్సు కథను మధ్యలో వదిలేయడం నాకు నచ్చలేదు. సినిమాకి ప్రాణం వాళ్ల నాన్న. కూల్చబోయే ఇళ్లకిచ్చే పరిహారం గురించి అందరి తరఫునా మాట్లాడే పెద్దమనిషి. షుగర్ ఉంది. కాలి వేలు పాడవుతుంటే తేనె రాసుకుంటాడు. అమ్మ ఉండబట్టలేక, "షుగర్ పుండుకి తేనేంటే! ముందు ఆస్పత్రికి తీసుకెళ్లమను" అంది.

ఇక పరిహారం మీద ఆ ఫ్లాట్లవాళ్ల మీటింగు. ఇచ్చింది పుచ్చుకుందామని కొందరు, ఇంకా అడగాలని కొందరు. మధ్యలో ఆయన. మా సెల్లార్‌లో ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని కూర్చున్న రాత్రులన్నీ కళ్లముందుకొచ్చాయి. మా నాన్నే అసోసియేషన్ సెక్రటరీ. 12 ఫ్లాట్లలో 9 సంతకాలయ్యాక మిగతా మూడిళ్లతో మాటలు పోయాయి. ఏటా ఉగాది పచ్చడి గిన్నెతో వచ్చే 203 ఆంటీ మెట్ల మీద నాన్న ఎదురైతే తల తిప్పుకునేది. జేసీబీ రావడానికి ఇంకా ఎనిమిది నెలలుంది అప్పటికి.

సామ్నాంగ్‌గా చేసిన పిసెత్ చున్‌కి వెనిస్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో కొత్త పోకడల సినిమాల కోసం పెట్టిన 'ఒరిజోంటి' విభాగంలో ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది. ఇవ్వాల్సిందే. చివర్లో నడక బాగా నెమ్మది, తల్లికి ఇంకాస్త చోటివ్వాల్సింది. ఆ ఇళ్లవాళ్లు నిజంగా సామాన్లు సర్దుకుని వెళ్లిపోవడం చూడాలంటే ఇదే దర్శకుడి 2019 డాక్యుమెంటరీ 'లాస్ట్ నైట్ ఐ సా యూ స్మైలింగ్' ఉంది.

అగ్రిమెంటు మాటలు నడుస్తున్న అపార్ట్‌మెంటువాళ్లు సంతకాలకు ముందే దీన్ని కలిసి చూడాలి. నాన్నకు మాత్రం నేనింకా చూపించలేదు. ఆ మీటింగు సీను దగ్గర లేచి వెళ్లిపోతారు.