వెనిస్‌లో ఒకటో నంబరు పడవ

కర్నూలులో కేసీ కెనాల్ గట్టున పెరిగినవారికి కాలువ అంటే వరిమళ్లకు పోయే నీరే. పంతొమ్మిదో శతాబ్దంలో సుంకేసుల నుంచి కడప దాకా దానిని తవ్వించినవారు సాగునీటితో పాటు పడవల రాకపోకలను కూడా ఉద్దేశించారని చిన్నప్పుడు విన్నా, నాకు నమ్మబుద్ధి కాలేదు. ఇంటిల్లిపాదీ ఇటలీలో కాలువల ఊరైన వెనిస్‌లో నాలుగు రోజులు గడిపి వచ్చాక, అక్కడికి ఎందుకు వెళ్లాలని అడిగినవారికి నేను ముందుగా చెబుతున్నది తెడ్డుతో నడిపే సన్నని పడవ గొండోలా గురించి కాదు, వాపొరెట్టో అనే పడవ బస్సు గురించి.

రైల్వే స్టేషన్ మెట్లు దిగితే ఎదురుగా గ్రాండ్ కెనాల్ అనే పెద్ద కాలువ ఉంటుంది. అక్కడ ఒకటో నంబరు పడవ ఎక్కాలి. మన పల్లెవెలుగు బస్సులాగా అది దాదాపు ప్రతి రేవులోనూ ఆగుతూ, 1591లో పూర్తయిన రియాల్టో రాతి వంతెన కిందుగా, నీళ్లలోకే గుమ్మాలు తెరుచుకున్న పాత మేడల మధ్య నింపాదిగా సాగుతుంది. మేడల కంటే నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నవి పక్కనే పోయే కూరగాయల పడవ, చెత్త పడవ, అంబులెన్స్ పడవ. కార్లు, స్కూటర్లు తిరగని ఊరిలో పనులన్నీ నీటి మీద ఎలా జరుగుతాయో టికెట్టు కొన్న ప్రతివారికీ కనిపిస్తుంది.

అయితే ఆ టికెట్టు చౌక కాదు. మేము వెళ్లినప్పుడు 75 నిమిషాలకు 9.50 యూరోలు, 24 గంటల పాసుకు 25 యూరోలు తీసుకున్నారు కనుక పాసే మేలు. పగటి పూట నిలబడడానికి కూడా చోటు దొరకదు; ఉదయం ఏడు గంటలలోపే ఎక్కడం మంచిది. గొండోలాకు అరగంటకు పడవ మొత్తానికి 90 యూరోలు అన్నారు, మేము ఎక్కలేదు. పెద్ద కాలువను అడ్డంగా దాటించే ట్రగెట్టో కూడా గొండోలా వంటి పడవే, మనిషికి రెండు యూరోలతో ఆ ముచ్చట తీరింది.

2009 అక్టోబరులో తుంగభద్ర ఊళ్లోకి రావడం చూసిన మాకు, 1966 నవంబరులో అక్కడ సముద్రపు పోటు 194 సెంటీమీటర్లకు చేరిందన్న సంగతి పరాయిదిగా అనిపించలేదు. ఇప్పుడు ఊరి చుట్టూ ఉన్న ఉప్పునీటి మడుగు సముద్రంతో కలిసే ముఖద్వారాల వద్ద 78 ఇనుప గేట్లు అమర్చారు. 2020 అక్టోబరులో అవి తొలిసారి పోటును ఆపాయి.

అసలు విశేషం వీధి కూడళ్లలో ఉన్న చెక్కుడు రాతి బావులు. చుట్టూ ఉప్పునీరే కావడంతో వాన నీటిని ఒడిసిపట్టడం తప్ప ఆ ఊరివారికి వేరే దారి లేకపోయింది. బంకమట్టి పూసిన పెద్ద గోతిని ఇసుకతో నింపి, రాతి తూముల గుండా వాన నీటిని అందులోకి వదిలితే, అది వడగట్టుకుని నడుమనున్న బావిలోకి చేరేది. 1884లో పైపుల నీరు వచ్చేదాకా ఊరికి ముఖ్య ఆధారం అవే. ఇప్పుడు వాటికి మూతలు వేశారు; చాలా కూడళ్లలో తాగునీటి కొళాయిలున్నాయి, సీసా వెంట ఉంటే నీళ్లు కొనే పనిలేదు. నిండుగా పారుతున్న ఒక కొళాయి దగ్గర మా అమ్మ సీసా పట్టుకుంటూ, “ఇక్కడ నీళ్లు ఎన్ని రోజులకోసారి వదులుతారు?” అని అడిగింది.