70 మలుపులు, 25 పళ్లు

తమిళనాడులోని కొల్లి హిల్స్‌కి అద్దె సైకిల్ మీద వెళ్లేవాళ్లకి ముందే ఒక మాట చెప్పేస్తాను. వెనక చక్రానికి ఉండే క్యాసెట్‌లో, అంటే గేర్ల పళ్లచక్రాల గుత్తిలో, అన్నిటికంటే పెద్ద చక్రం పళ్లు మీరే లెక్కపెట్టుకోండి. షాపువాడి మాట నమ్మొద్దు, రసీదు నమ్మొద్దు. వేలు పెట్టి ఒక్కొక్కటీ లెక్కపెట్టండి. మేం లెక్కపెట్టలేదు, దానికి 2,700 కట్టాం.

బెంగళూరులో మా ఇంటి దగ్గరే అద్దె షాపు. నాకు సొంత సైకిల్ ఉంది, అద్దెది మా బావమరిదికి. రోజుకి 900 చొప్పున మూడు రోజులు, డిపాజిట్ 5,000. "ఘాట్ రోడ్డన్నా, తేలిక గేర్లుండాలి" అని నేను రెండుసార్లు చెప్పాను. "వెనక 34 పళ్లు సార్, గోడైనా ఎక్కేస్తుంది" అన్నాడు. రాత్రి తొమ్మిదింటికి తీసుకుని కారెక్కించాం. చీకట్లో పళ్లెవరు చూస్తారు?

సేలం మీదుగా నామక్కల్ దాకా రోడ్డు బాగుంది, లాడ్జి 1,300, శుభ్రంగానే ఉంది. సాయంత్రం ఆంజనేయుణ్ణి చూశాం. 18 అడుగుల విగ్రహం, పైన కప్పు లేదు. మన ఊళ్లలో బోర్లు వేసే లారీల మీద టీఎన్ 28, టీఎన్ 34 అని నంబర్లు చూసి ఉంటారు కదా, అవన్నీ ఈ జిల్లావే. రోడ్డు పక్కన వరసగా నిలబెట్టి ఉంటే చుట్టాల్ని చూసినట్టు అనిపించింది.

పొద్దున కొండ కింద కారవల్లిలో కారు ఆపి, 5.50కి తొక్కడం మొదలుపెట్టాం. అక్కణ్ణుంచి కొండమీదికి 70 హెయిర్‌పిన్ మలుపులు. ప్రతి మలుపు దగ్గరా 1/70, 2/70 అని బోర్డు. దాదాపు తొమ్మిదివందల మీటర్లు పైకెక్కాలి. మొత్తం మీద సగటు వాలు చూస్తే భయపెట్టేంత కాదు. భయమంతా మలుపుల్లోనే. మనం ఎడమ పక్కన వెళ్తాం కాబట్టి కుడి మలుపులో బయటి అంచు దొరుకుతుంది, అక్కడ కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. ఎడమ మలుపు వచ్చిందంటే మాత్రం లోపలి అంచే గతి, రోడ్డు మెట్టులాగా లేచి ముందు చక్రం మొహం మీదికొస్తుంది. కుడికి జరుగుదామంటే పైనుంచి బస్సు. హారన్ వినపడితే ఆగి పక్కకి దిగడమే, పౌరుషానికి పోవద్దు.

తొమ్మిదో మలుపు దగ్గర వెనకనుంచి కేక. "బావా, నా సైకిల్‌కి ఇంకో గేరు లేదు."

"ఉంటుంది చూడరా, ఇంకోసారి నొక్కు."

"నొక్కుతున్నా బావా, వేలు నొప్పి పుడుతోంది."

దిగి చూస్తే ముందు చిన్నచక్రం 39, వెనక పెద్దది 25. బల్లపరుపు రోడ్డు మీద పందేలకి వాడే పాత సరుకు. నాది ముందు 34, వెనక 34. అంటే నేను పెడల్ ఒక చుట్టు తిప్పితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది, వాడిది ఒకటిన్నర పైనే. అదే ఎక్కుడుకి వాడు నాకంటే ఒకటిన్నర రెట్లు గట్టిగా తొక్కాలి. అక్కణ్ణుంచే షాపుకి ఫోన్ చేస్తే ఎత్తలేదు, ఏడు కూడా కాలేదు మరి.

23 దాకా తొక్కాడు, పాపం. ఆ తర్వాత నిటారుగా ఉన్నచోట దిగి నడవడం, కాస్త చదునైతే ఎక్కడం. 31 దగ్గర కోతులు వాడి జేబులోంచి పల్లీచిక్కీ లాక్కుపోయాయి. దాంతో మాట్లాడటం మానేశాడు. మా ఆవిడకి ఫోన్ చేసి "అక్కా, బావ నన్ను చంపడానికే తెచ్చాడు" అని మాత్రం చెప్పాడట, ఇంటికొచ్చాక తెలిసింది. నేను 70/70 బోర్డు దగ్గరికి 8.40కి చేరాను. వాడు 10.15కి. ఫొటో తీస్తానంటే మొహం తిప్పుకున్నాడు.

కొండమీది ఊరు సెమ్మేడులో గది 1,800. గీజర్ ఉందన్నారు, నిజంగానే ఉంది, కరెంటే లేదు. వేడినీళ్లు బకెట్‌కి 50 విడిగా తీసుకున్నారు. ఈ కొండమీద అంతకంటే మంచిది దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు.

మధ్యాహ్నం బస్సులో అరప్పళీశ్వరర్ గుడికి వెళ్లాం. దాని పక్కనే ఆగాయ గంగై జలపాతానికి దారి, వెయ్యికి పైగా మెట్లు దిగాలి, మళ్లీ ఎక్కాలి. సైకిల్ తొక్కిన రోజు దాని జోలికి పోవద్దు. మేం నాలుగు మెట్లు దిగి, ఒకరి మొహం ఒకరు చూసుకుని వెనక్కొచ్చి సూపు తాగాం.

ఆ సూపు గురించి చెప్పాలి. బల్ల మీద మేకకాళ్లు పేర్చి ఉన్నాయనుకున్నాను, గోధుమరంగు బొచ్చుతో సహా. గుడి దగ్గర ఇదేంటని అడిగితే ఆవిడ నవ్వింది. అది దుంప! ముడవాట్టుకాల్ అంటారు, రాళ్ల మీదా చెట్ల మీదా పెరుగుతుందట. బొచ్చు గీకేసి, ముక్కలు దంచి, మిరియాలు, జీలకర్ర, చిన్నుల్లిపాయలు వేసి మరిగిస్తారు. గ్లాసు 30. కళ్లు మూసుకుని తాగితే పాయానే. మా వాడు మూడు గ్లాసులు తాగి, పొద్దుటినుంచి మొదటిసారి "బాగుంది బావా" అన్నాడు.

దిగేటప్పుడు వాడు సైకిలెక్కనన్నాడు. సోలక్కాడు సంతలో అనాసపళ్లు కిందికి తీసుకెళ్లే టాటా ఏస్ దొరికింది, మనిషికీ సైకిల్‌కీ కలిపి 400. డ్రైవర్‌కి తెలుగొచ్చు. నంద్యాల పక్క బోరు లారీ మీద నాలుగేళ్లు పనిచేశాడట. "ఎన్ని అడుగులేసినా నీళ్లు పడేవి కాదు సార్, డబ్బులు మాత్రం ఇచ్చేవాళ్లు" అన్నాడు. నేను 70 మలుపులూ బ్రేకులు పట్టుకుని చేతులు తిమ్మిరెక్కి దిగేసరికి, మా బావమరిది కింద టీ కొట్టు దగ్గర ఉప్పూకారం చల్లిన అనాస ముక్కలు తింటూ కూర్చున్నాడు.

బెంగళూరులో సైకిల్ తిరిగిస్తే షాపువాడు చైన్‌కి జిగురంటిందని 300 కోశాడు. మా వాడు ఏమీ అనలేదు. కింద కూర్చుని, ఒక పన్ను మీద సుద్దముక్కతో గీత పెట్టి, చక్రం తిప్పుతూ గట్టిగా లెక్కపెట్టాడు, షాపులో ఇంకో ఇద్దరు కస్టమర్లు చూస్తుండగా. 25.

"అదీ కొండ గేరే సార్, ప్రాక్టీస్ ఉండాలి" అన్నాడు షాపువాడు. ఆ 300 మాత్రం ఇచ్చేశాడు.