తోతాపురి కాయ తగిలిందా లేదా: రెక్టా, మాస్కా?

చిత్తూరు మామిడితోట మీద పైగేమ్‌లో (పైథాన్‌తో ఆటలు రాసుకునే లైబ్రరీ) ఒక చిన్న ఆట అనుకోండి: పైనుంచి తోతాపురి కాయలు రాలుతుంటాయి, కింద పిల్లాడు బుట్ట పట్టుకుని అటూ ఇటూ పరిగెడతాడు, మధ్యలో కోతి అడ్డం పడుతుంది. ఏది దేనికి తగిలిందో తేల్చడానికి రెండు దారులున్నాయి.

రెక్ట్ అంటే బొమ్మ చుట్టూ ఉన్న డబ్బా. రెండు డబ్బాలు ఒకదాని మీదికి ఒకటి వచ్చాయా అని చూడటమే, నాలుగు పోలికల్లో పనైపోతుంది, తెరమీద వంద కాయలున్నా ఆట నత్తనడక నడవదు. చిక్కంతా కోతి తోకతోనే. తోక పైకెత్తిందంటే డబ్బా పెద్దదవుతుంది, అందులో బోలెడంత ఖాళీ, ఆ ఖాళీకి తగిలి పిల్లాడు ఔటైతే ఆడేవాడికి ఒళ్లు మండదా మరి!

మాస్క్ పిక్సెల్ పిక్సెల్‌కీ లెక్క చూస్తుంది. పారదర్శకంగా ఉన్నవాటిని వదిలేస్తుంది. దాని ఓవర్‌ల్యాప్ ఫంక్షన్‌ని అడిగితే తగిలిన చోటు ఒకటి చెప్తుంది, తగలకపోతే None, అంటే ఏమీ లేదని, ఇస్తుంది. కాకపోతే రెండు బొమ్మల మధ్య ఆఫ్‌సెట్, అంటే ఒకదాన్నుంచి రెండోది ఎంత పక్కకి, ఎంత కిందకి ఉందో, మనమే లెక్కగట్టి ఇవ్వాలి. కాయ గిరగిరా తిరుగుతూ పడాలంటే తిప్పిన ప్రతి బొమ్మకీ వేరే మాస్క్ కావాలి, వాటిని ముందే తయారుచేసి పెట్టుకోండి, ప్రతి ఫ్రేమ్‌లో, అంటే తెర మారిన ప్రతిసారీ, చేయొద్దు.

నన్నడిగితే బుట్టకి రెక్ట్ చాలు. కాయ అంచుకి తగిలినా పాయింట్ ఇచ్చేస్తే ఎవరూ గొడవపడరు. కోతికి మాత్రం ముందు రెక్ట్‌తో వడపోసి, అది తగిలితేనే మాస్క్ దాకా వెళ్లండి. అంత ఓపిక లేకపోతే రెక్ట్ సైజు మార్చే ఇన్‌ఫ్లేట్ ఫంక్షన్‌కి మైనస్ విలువలిచ్చి డబ్బాని కుదించండి, అయితే అది పాతదాన్ని మార్చదు, కొత్త రెక్ట్‌ని ఇస్తుంది.