కర్నూలు డోమ్‌లో మోసం, కడప డోమ్‌లో ఆకాశం

సంక్రాంతి సెలవుల్లో కర్నూలు ఎగ్జిబిషన్‌లో ‘సైన్స్ షో’ అని పిలిచి డోమ్‌లోకి, అంటే లోపలి కప్పు మీద బొమ్మ వేసి చూపించే గుండ్రటి గుడారంలోకి పంపారు. మనిషికి 150, నలుగురికి 600. లోపల ఎనిమిది నిమిషాల వీడియో. రాకెట్ దూసుకెళ్లడం, రాళ్లు మీదికొచ్చి పడటం, మాటలన్నీ ఇంగ్లీషులో. అత్తయ్యకు కళ్లు తిరిగాయి. చివర్లో నక్షత్రాలు చూపించారు గానీ ధ్రువ నక్షత్రం ఆకాశంలో సగం ఎత్తున ఉంది! అది ఏ యూరప్ ఆకాశమో. కర్నూలులో అది ఉత్తరాన సుమారు 16 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. అడిగితే షో నడిపేవాడు “వీడియో అలాగే వచ్చింది సార్” అన్నాడు. పిల్లలకు తప్పు ఆకాశం చూపించి డబ్బులు తీసుకోవడం అన్యాయం.

అందుకే కడపలో ఒక స్కూల్లో డోమ్ షో ఉందంటే పాప మూతి ముడుచుకుంది. టికెట్ 50 అని వెళ్లాం. గాలితో నింపిన గుడారం, మధ్యలో ప్రొజెక్టర్, దాని ముందు గుండ్రటి చేప కన్ను లెన్స్. చిన్న సొరంగంలోంచి వంగి దూరాలి. మోకాళ్ల నొప్పులున్న అత్తయ్య కోసం పక్క జిప్పు తీశారు. కింద పరిచిన పట్టాల మీద పడుకోబెట్టి, మాస్టారు ఆ రాత్రి కడప ఆకాశాన్నే వేశారు. “మన ఊరి అక్షాంశం 14న్నర డిగ్రీలు, ధ్రువ నక్షత్రం ఎత్తూ అంతే” అని, అక్కడినుంచి మెల్లగా ఉత్తర ధ్రువానికి తీసుకెళ్లారు. మేం ఉత్తరానికి వెళ్లే కొద్దీ ఆ నక్షత్రమూ పైకెక్కి దాదాపు నడినెత్తికి వచ్చింది. పిల్లలంతా కేకలు! భూమి గుండ్రంగా ఉందని పుస్తకంలో చదివిన పాపకు అది కళ్లముందు జరిగింది. చెయ్యి చాచి పిడికిలి పడితే సుమారు పది డిగ్రీలని కూడా నేర్పారు. ముప్పావు గంట ఎలా గడిచిందో తెలియలేదు.

మర్నాడు గండికోట. జమ్మలమడుగులో లాడ్జి గదికి 1400 ఇచ్చాం, వేడినీళ్లు లేవు, మా ఆవిడ సణుగుడు ఆగలేదు. రాగి సంగటి, నాటుకోడి పులుసు తిన్నాక శాంతించింది. రాత్రి ఎనిమిదికి కృత్తికలు అనే చుక్కల గుంపు దాదాపు నడినెత్తిన ఉంది, పాప ఆరు లెక్కపెట్టింది. ఉత్తరాన పిడికిలిన్నర కొలిచి ధ్రువ నక్షత్రాన్ని తనే పట్టుకుంది.

డోమ్ టికెట్ కొనేముందు దగ్గరుండి చెప్పే మనిషి ఉన్నాడో లేడో కనుక్కోండి, లేకపోతే వెనక్కి తిరగండి. గండికోటకు మాత్రం అమావాస్యకు అటూ ఇటూగా వెళ్లండి. పున్నమి వెన్నెల్లో కృత్తికలు సరిగా ఆనవు.