విజయవాడ హైవే పక్కన శాసనాల దారి

హైదరాబాద్–విజయవాడ హైవే మీద వెళ్లేవాళ్లకి నకిరేకల్, సూర్యాపేట టిఫిన్‌కి ఆగే ఊళ్లు, అంతే. కానీ ఆ చుట్టుపక్కలే చందుపట్ల, పానగల్లు, పిల్లలమర్రి ఉన్నాయి. కాకతీయుల కాలం గురించి మనకు తెలిసిన సంగతుల్లో కొన్ని ఈ ఊళ్ల రాళ్ల మీంచి వచ్చినవే. శని, ఆదివారాల్లో తీరిగ్గా చూసి రావచ్చు. దారి చూపే బోర్డులు తక్కువ కాబట్టి బయల్దేరే ముందే ఫోన్‌లో కొంత పని చేసుకోవాలి.

మేము ముందుగా చందుపట్ల వెళ్లాం. రుద్రమదేవి ఎప్పుడు చనిపోయిందో తెలిసింది ఈ ఊరి శాసనం వల్లే. శాసనం మీది తేదీ 1289 నవంబరు 27. రుద్రమదేవికి, సేనాని మల్లికార్జున నాయకుడికి శివలోకం కలగాలని పువ్వుల ముమ్మడి అనే బంటు సోమనాథ దేవుడికి భూమి ఇచ్చి దీన్ని వేయించాడు. ఇది బయటపడక ముందు ఆమె 1295 దాకా ఏలిందని చాలామంది రాసేవారు. అంత పెద్ద రాణి చావు కబురు మనదాకా మోసుకొచ్చింది ఒక మామూలు బంటు. ఆ రాయి ముందు నిలబడితే నాకు గొంతు పట్టేసింది.

మ్యాప్‌లో వట్టి ‘చందుపట్ల’ అని కొడితే భువనగిరి దగ్గరున్న ఇంకో చందుపట్ల కూడా వస్తుంది. నకిరేకల్ మండలం అని కలిపి వెతకండి. మ్యాప్ మనల్ని ఊళ్లోకి చేరుస్తుంది, అక్కడి నుంచి మనుషుల్ని అడగడమే మేలు. “పెద్దయ్యా, రుద్రమదేవి శాసనం ఎటు?” అంటే పని ఆపుకుని మరీ చూపించారు.

నన్ను అడిగితే, అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది పాత పుస్తకాలు దాచిపెట్టే వెబ్‌సైటు ఆర్కైవ్.ఆర్గ్. నిజాం కాలంలో అచ్చయిన తెలంగాణ శాసనాల సంపుటాలు అందులో ఉచితంగా దొరుకుతాయి. ఇంగ్లిషులో ‘తెలింగాణ’ అనే పాత స్పెల్లింగుతో వెతకాలి. పిల్లలమర్రి శాసనాల పాఠం, వివరణ వాటిలో ఉన్నాయి. ఆ పేజీలు ముందే దించుకుని వెళ్తే, గుడి దగ్గర సిగ్నల్ లేకపోయినా రాతినీ పాఠాన్నీ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. ఫోటో తీస్తే అక్షరాలు చదివిపెట్టే యాప్‌లు పాత లిపి దగ్గర చేతులెత్తేశాయి. వికీమీడియా కామన్స్‌లో ఫోటోలు బాగున్నాయి, గుడిలో ఏది ఎక్కడుందో ముందే తెలుస్తుంది. శాసనాల్లో కనిపించే శక సంవత్సరానికి 78 కలిపితే ఇప్పటి ఇంగ్లిషు సంవత్సరం వస్తుంది, అది గుర్తుంటే చాలు.

పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం, పచ్చల సోమేశ్వరాలయం రెండూ చూడాలి. మొదటిదానిలో లింగం మీద పగలంతా పడే స్తంభం నీడ కోసం అందరూ వస్తారు. నాకు మాత్రం పచ్చల సోమేశ్వరం గోడల మీది శిల్పాలే ఎక్కువ నచ్చాయి. అక్కడి మ్యూజియం వేళల కోసం రివ్యూల్లో కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకుని చూడండి.

రాత్రికి నల్లగొండలో ఒక లాడ్జి. బుకింగ్ యాప్‌లో ఫోటోలు కొత్తవి, గది మాత్రం పాతది. వేడినీళ్లు రెండుసార్లు అడిగితే గానీ రాలేదు. పడుకోవడానికి సరిపోయింది.

మర్నాడు పొద్దున్నే పిల్లలమర్రి. ఈ దారిలో ఒక్క చోటే చూసే వీలుంటే ఇక్కడికే వెళ్లండి. నామేశ్వరాలయం 1202 నాటిది. ఎరకేశ్వరాలయాన్ని 1208లో రేచర్ల బేతిరెడ్డి భార్య ఎరుకసాని కట్టించింది. రామప్ప గుడి కట్టించిన రేచర్ల రుద్రుడిదీ ఈ రేచర్ల వంశమే. ఇక్కడి స్తంభాల నునుపు చూశాక ఆ చుట్టరికం ఎవరూ చెప్పక్కర్లేదు. రామప్పకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక జనం పెరిగారు. మేము వెళ్లినప్పుడు పిల్లలమర్రిలో పూజారి, మేము తప్ప ఎవరూ లేరు. ఎరుకసాని పేరు మన పిల్లలకు తెలియకపోవడం నిజంగా బాధగా ఉంది.

శాసనాలు చదవాలంటే పొద్దున లేదా సాయంత్రం ఏటవాలు ఎండలోనే వెళ్లాలి. నడినెత్తిన ఎండ ఉంటే అక్షరాలు రాతిలో కలిసిపోతాయి. నీడలో ఉన్న రాయికి ఫోన్ టార్చ్ పక్కనుంచి కొడితే గీతలు తేలతాయి. సుద్ద, పసుపు, నూనె లాంటివి రాయొద్దు, రాయి పాడవుతుంది.

కారు లేనివాళ్లు సూర్యాపేట దాకా బస్సులో వచ్చి, అక్కణ్ణుంచి పిల్లలమర్రికి ఆటో మాట్లాడుకోవచ్చు. తిరుగు ఆటో దొరకడం కష్టం, కాబట్టి అదే ఆటోను ఆగమని చెప్పి రానూపోనూ బేరం కుదుర్చుకోండి. గంటలో అయిపోతుందని మాత్రం చెప్పకండి, రెండు గుళ్లకీ కనీసం మూడు గంటలు పడుతుంది.