సముద్రపు గాలిలో ఎనిమిది వేసవులు: మా ఇన్వర్టర్ ఏసీతో అనుభవం

విశాఖ పెదవాల్తేరులో మా ఇల్లు. సముద్రానికి అర కిలోమీటరు కూడా ఉండదు. 2018 ఏప్రిల్‌లో పడకగదికి ఒకటిన్నర టన్ను ఇన్వర్టర్ స్ప్లిట్ ఏసీ కొన్నాం, అంటే అవసరాన్ని బట్టి కంప్రెసర్ వేగం మార్చుకునేది. రాగి కాయిల్, చల్లబరచడానికి ఆర్32 అనే గ్యాస్, ఐదు స్టార్లు. అమ్మకి అప్పటికే డెబ్భై దాటాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు గానీ, మా ఊళ్లో ఎండ కంటే ఉక్క ఎక్కువ బాధపెడుతుంది. రాత్రి రెండింటికి లేచి కూర్చుని విసనకర్ర పట్టుకునేది. ఆవిడ కోసమే కొన్నాం.

2025 వేసవితో ఎనిమిది వేసవులు పూర్తయ్యాయి. కంపెనీ పేరు రాయడం లేదు. ఎందుకంటే మాకు వచ్చిన ఇబ్బందుల్లో చాలా వరకు ఏ కంపెనీ ఏసీకైనా వచ్చేవే. కొన్నప్పుడు ఎవరైనా ఈ మాటలు చెప్పి ఉంటే మాకు కనీసం పది వేలు మిగిలేవి. అందుకే వివరంగా రాస్తున్నాను.

చల్లదనం గురించి ఫిర్యాదు లేదు. గది పన్నెండు అడుగులకి పదమూడు, పడమటి గోడ. సాయంత్రం ఆన్ చేస్తే పావుగంటలో గది దారికొస్తుంది. తమ్ముడు ఒక చిన్న కరెంటు మీటరు పెట్టించాడు కాబట్టి లెక్క కచ్చితంగా తెలుసు. కొత్తలో 26 డిగ్రీల్లో పెట్టి సీలింగ్ ఫ్యాన్ తిప్పితే రాత్రి తొమ్మిది గంటల వాడకానికి నాలుగు నుంచి ఐదు యూనిట్లు అయ్యేది. 22లో పెడితే ఏడు దాటేది. స్టార్ లేబుల్ మీద ఏడాదికి ఇన్ని యూనిట్లు అని ఉంటుంది కదా, అది 1600 గంటల వాడకానికి కట్టిన లెక్క. మేం మార్చి నుంచి అక్టోబరు దాకా రోజూ వేస్తాం, రెండు వేల గంటలు దాటుతుంది. మీరు కొనేటప్పుడు మీ గంటలతో లెక్క వేసుకోండి. ఇంకో మాట, త్వరగా చల్లబడాలని 18లో పెట్టేవాళ్లు చాలామంది. గది వేడిగా ఉన్నంతసేపూ కంప్రెసర్ (గ్యాస్‌ని నొక్కి తిప్పే మోటారు) ఎలాగూ పూర్తి వేగంతోనే తిరుగుతుంది. 18 పెట్టినా 25 పెట్టినా మొదటి పది నిమిషాల్లో పెద్ద తేడా ఉండదు. తర్వాత బిల్లులో మాత్రం ఉంటుంది.

మొదటి ఇబ్బంది నీళ్లతో వచ్చింది. రెండో ఏడాది ఆగస్టులో ఒక రాత్రి ఇండోర్ యూనిట్ కుడి మూల నుంచి బొట్లు బొట్లుగా మొదలై, తెల్లారేసరికి గోడంతా తడిసి బీరువా మీద పెట్టిన దుప్పట్లు ముద్దయ్యాయి. కంపెనీ వాళ్లు పంపిన కుర్రాడు సర్వీసు చేసి డబ్బు తీసుకుని వెళ్లాడు. మూడు రోజులకి మళ్లీ అదే వరస.

అసలు కారణం బాల్కనీలో ఉంది. మా ఊరి తేమకి ఏసీ నుంచి రాత్రికి సగం బకెట్ నీళ్లు వస్తాయి. వృథా ఎందుకని అమ్మ డ్రెయిన్ పైపు కింద బకెట్ పెట్టి ఆ నీళ్లతో ఇల్లు తుడిపించేది. పైపు చివర బకెట్ అడుగు దాకా వేలాడుతోంది. నీళ్లు నిండేకొద్దీ ఆ చివర మునిగిపోతుంది. మధ్యలో పైపు ఒకచోట ఒంగి ఉంది, అక్కడా నీళ్లే. రెండింటి మధ్య గాలి ఇరుక్కుపోయి, పైనుంచి వచ్చే నీళ్లకి దారి లేక ఇండోర్ యూనిట్‌లో నీళ్లు పట్టే ట్రే నిండి గదిలోకి పొర్లేవి. పైపు చివర ఒక జానెడు కోయించి, బకెట్ అంచుకి పైనే ఉండేలా కట్టాం. ఒంగిన చోట క్లాంపు కొట్టించాం. ఆ రోజు పైపులోంచి వచ్చింది చూస్తే, గోధుమరంగు జిగురు, సగ్గుబియ్యం జావలా, వేలెడు పొడుగు ముద్దలుగా. అప్పటి నుంచి రెండు నెలలకోసారి ట్రే వైపు నుంచి ఒక చెంబుడు గోరువెచ్చని నీళ్లు నెమ్మదిగా పోసి అవి ధారగా బయటికి వస్తున్నాయో లేదో చూస్తాం. నీళ్ల కారుడు మళ్లీ రాలేదు.

ఆ నీళ్లు మొక్కలకీ తుడవడానికీ వాడొచ్చు. కరెంటు పోయినప్పుడు వాడే ఇన్వర్టర్ బ్యాటరీలో మాత్రం పోయకండి. చూడ్డానికి డిస్టిల్డ్ వాటర్‌లాగే ఉంటాయి గానీ కాయిల్ మీది దుమ్మూ లోహపు అణువులూ కలిసి ఉంటాయి.

ఇక గ్యాస్ సంగతి. ఈ సమీక్షలో మీరు ఒక్కటే చదవాలనుకుంటే ఇదే చదవండి.

2021 మే నెలలో చల్లదనం తగ్గింది. వచ్చిన మెకానిక్ ఐదు నిమిషాలు చూసి, "గ్యాస్ అయిపోయిందమ్మా, మూడేళ్లయింది కదా, మామూలే" అన్నాడు. రెండు వేల ఎనిమిది వందలు తీసుకుని నింపాడు. చక్కగా చల్లబడింది. 2022 ఏప్రిల్‌కి మళ్లీ అదే కథ. ఈసారి వేరే అతను, మూడు వేలు. నాలుగు నెలలు తిరక్కుండానే మళ్లీ వేడి గాలి. అప్పుడు పక్కింటివాళ్లు ఒక పెద్దాయన్ని పంపారు. నలభై ఏళ్లుగా ఫ్రిజ్‌లూ ఏసీలూ బాగుచేస్తున్న మనిషి.

ఆయన వస్తూనే గ్యాస్ ప్రెషర్ కొలిచే గేజీలు బయటికి తియ్యలేదు. ముందు ఇండోర్ మూత ఎత్తి ఫిల్టరు చూశాడు. తర్వాత బాల్కనీలోకి వెళ్లి రెండు రాగి పైపుల మీదా చెయ్యి పెట్టాడు. సన్న పైపు మీద తెల్లగా మంచు పట్టి ఉంది.

"ఫిల్టరు మూసుకుపోతే లావు పైపు గడ్డకడుతుందమ్మా. సన్న పైపు మీద మంచుందంటే గ్యాస్ తగ్గినట్టు" అన్నాడు.

"ఏటా తగ్గుతుందట కదా బాబూ? నింపించుకుంటూనే ఉన్నాం."

"గ్యాస్ పెట్రోలు కాదమ్మా, నడిస్తే ఖర్చయిపోడానికి. మూసిన గొట్టాల్లో అదే తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో పోతోందన్నమాటే. చిల్లు కుండలో ఎన్ని నీళ్లు పోస్తే ఏం లాభం?"

నాకు ఆ మాట గుండెలో గుచ్చుకుంది. రెండుసార్లు డబ్బు తీసుకున్న వాళ్లిద్దరిలో ఒక్కరూ ఎక్కడ పోతోందని వెతకలేదు. ఆయన టార్చి వేసి అవుట్‌డోర్ యూనిట్ పక్కన లావు పైపు బిగించిన నట్టు చూపించాడు. ఫ్లేర్ నట్టు అంటారు. రాగి పైపు చివరని పువ్వులా విప్పి, దాని మీద నట్టు బిగిస్తారు. ఆ నట్టు కింద జిడ్డుగా నల్లటి మరక, దాని మీద దుమ్ము అతుక్కుని ఉంది. కంప్రెసర్ నూనె కొంత గ్యాస్‌తో పాటే తిరుగుతుందట, గ్యాస్ పోయే చోట నూనె చెమ్మ బయటపడుతుందట. సబ్బు నురుగు రాశాడు. రెండు నిమిషాలు ఏమీ లేదు. తర్వాత నురుగు మధ్యలో ఆవగింజంత బుడగ పుట్టి, మెల్లగా ఉబ్బి, పగిలింది. మళ్లీ ఇంకోటి. ఆ బుడగ చూస్తూ నిలబడి లోపల్లోపల లెక్క వేశాను, ఐదు వేల ఎనిమిది వందలు.

బిగించేటప్పుడే ఆ పువ్వు ఒకవైపు చిట్లిందని ఆయన అన్నాడు. అది కోసేసి కొత్తగా ఫ్లేర్ చేశాడు. నైట్రోజన్ ఎక్కించి గంటసేపు ఉంచి ప్రెషర్ పడిపోవడం లేదని చూశాడు. తర్వాత వ్యాక్యూమ్ పంపు పెట్టి అరగంట లోపలి గాలీ తేమా లాగేశాడు. ఆఖర్న సిలిండర్‌ని తూకం మీద పెట్టి, యూనిట్ ప్లేటు మీద రాసి ఉన్న 950 గ్రాములు సరిగ్గా పోశాడు. అంతకుముందు ఇద్దరూ గేజీ చూసి అందాజుగా పోశారు. ఇన్వర్టర్ ఏసీలో కంప్రెసర్ వేగం మారుతూ ఉంటుంది కాబట్టి ప్రెషరూ మారుతూ ఉంటుంది, గేజీ ఒక్కటే చూసి పోస్తే ఎక్కువో తక్కువో అవుతుంది. మొత్తం నాలుగు వేల ఐదు వందలు తీసుకున్నాడు. మూడేళ్లు దాటింది. ఇప్పటికీ గ్రాము గ్యాస్ పోయించలేదు.

కాబట్టి ఎవరైనా గ్యాస్ నింపాలంటే ముందు మూడు మాటలు అడగండి. ఎక్కడ కారుతోంది? వ్యాక్యూమ్ పంపు తెచ్చారా? తూకం ఉందా? ఆర్32కి కొద్దిగా మండే గుణం ఉంది కూడా. పని జరుగుతున్నంతసేపూ కిటికీలు తీసి ఉంచండి. గ్యాస్ పూర్తిగా తియ్యకుండా పైపు మీద మంట పెట్టి అతుకు వెయ్యబోతే ఆపండి. ఇందులో మొహమాటం వద్దు.

పీసీబీ, అంటే ఏసీని నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు గురించి క్లుప్తంగా చెబుతాను. 2023 అక్టోబరులో ఒక ఉదయం ఎర్రర్ కోడ్ చూపించి ఆగిపోయింది. ఎంసీబీ (ఏసీకి కరెంటు ఆపే మెయిన్ స్విచ్చు) ఆపి పది నిమిషాల తర్వాత వేశాం, లాభం లేదు. అవుట్‌డోర్ మూత విప్పితే బోర్డు మీద బల్లి మాడిపోయి ఉంది. వెచ్చదనానికి పైపు సందులోంచి దూరుతాయట. కొత్త బోర్డుకి తొమ్మిది వేలు చెప్పారు. బోర్డులు బాగుచేసే దుకాణంలో రెండు వేల రెండు వందలకి అయింది. పైపు దూరే సందుల్లో ఏసీ పుట్టీ పెట్టించాం. దీనివల్ల నాకు తెలిసింది ఏమిటంటే, కొనేటప్పుడు మమ్మల్ని ఆకట్టుకున్న పదేళ్ల కంప్రెసర్ వారంటీ ఒక్కసారి కూడా అక్కరకు రాలేదు. కంప్రెసర్ రాయిలా ఉంది. పోయేది బోర్డు, పాడయ్యేది కాయిల్. వాటికి ఎన్నేళ్లు ఇస్తున్నారో అడిగి కొనండి. ఇంకో సంగతి, ఆపి వెంటనే ఆన్ చేస్తే కంప్రెసర్ మూడు నిమిషాల దాకా మొదలవ్వదు. అది రక్షణ కోసమే పెట్టారు, చెడిపోయిందని టెన్షన్ పడకండి.

ఇక ఉప్పు. సముద్రం దగ్గర ఉండేవాళ్లకి ఇదే అసలు శత్రువు. మా అవుట్‌డోర్ యూనిట్‌ని బాల్కనీలో తూర్పు ముఖంగా, గాలికి ఎదురుగా బిగించారు. అప్పుడు మాకు తెలియదు, బిగించినవాళ్లు చెప్పలేదు. నాలుగో ఏడాదికి రాగి కాయిల్ చుట్టూ ఉండే అల్యూమినియం రేకులు తెల్లటి పొడిగా రాలడం మొదలైంది. వేలితో తాకితే ముగ్గులా అంటుకునేది. రేకులు పోతే వేడి బయటికి పోదు, కంప్రెసర్ ఎక్కువసేపు పరుగెత్తాలి. 2018లో రాత్రికి నాలుగున్నర యూనిట్లు తాగింది ఇప్పుడు అదే 26లో ఆరు తాగుతోంది. అదే మోడల్ హైదరాబాద్ కూకట్‌పల్లిలో మా చెల్లెలి ఇంట్లో ఉంది. అక్కడ రేకులు ఇప్పటికీ కొత్తవాటిలా మెరుస్తాయి. అయితే వాళ్ల ఫిల్టరు పది రోజులకే దుమ్ముతో దుప్పటిలా అవుతుంది. మాది మూడు వారాలు ఆగుతుంది. ఊరిని బట్టి ఏసీ జబ్బు మారుతుంది.

మూడేళ్లుగా నెలకోసారి ఎంసీబీ ఆపి, అవుట్‌డోర్ యూనిట్‌ని కుళాయి పైపుతో మామూలు మంచినీళ్లతో కడుగుతున్నాం. పై నుంచి కిందికి, మెత్తటి ధారతో. ప్రెషర్ పంపుతో దగ్గర నుంచి కొడితే రేకులు ఒరిగి గాలి దారి మూసుకుపోతుంది. కొందరు సర్వీసువాళ్లు యాసిడ్ కలిపిన నీళ్లు కొడతారు, క్షణంలో తెల్లగా మెరుస్తుంది. ఉప్పు తిన్న కాయిల్‌కి అది ఇంకా చేటు, మేం ఒప్పుకోం. కడగడం మొదలుపెట్టాక రేకులు రాలడం బాగా తగ్గింది. మొదటి నెల నుంచే చేసి ఉండాల్సింది.

ఇనుప స్టాండు సంగతి మాత్రం భయపెట్టింది. నిరుడు కడుగుతుంటే ఒక బోల్టు తల చేతిలోకి ఊడి వచ్చింది. కింద పిల్లలు ఆడుకునే చోటు. ఆ సాయంత్రమే ఏసీ ఆపేసి, రెండు రోజుల్లో స్టెయిన్‌లెస్ స్టీల్ స్టాండూ బోల్టులూ వేయించాం. తీరప్రాంతాల్లో ఉన్నవాళ్లు చల్లదనం సంగతి తర్వాత, ముందు ఆ బోల్టులు చూసుకోండి.

ఇంట్లో మేం చేసే మామూలు పనులు పెద్దవేం కావు. రెండు వారాలకోసారి ఫిల్టర్లు కుళాయి కింద కడిగి నీడలో ఆరబెడతాం. ఆపే ముందు అరగంట ఫ్యాన్ మోడ్‌లో నడుపుతాం, కాయిల్ ఆరిపోయి ముక్క వాసన రాదు. జులై నుంచి సెప్టెంబరు దాకా తేమ తగ్గించే డ్రై మోడ్ అమ్మకి బాగా నచ్చుతుంది, చలి వెయ్యదు, ఒళ్లు జిడ్డు అనిపించదు. ఏడాదికోసారి ఫిబ్రవరిలో లోపలి బ్లోయర్ డ్రమ్ము విప్పించి కడిగిస్తాం. ఏప్రిల్‌లో పిలిస్తే ఎవరికీ తీరిక ఉండదు, వచ్చినవాళ్లు ఇరవై నిమిషాల్లో నాలుగు చినుకులు చల్లి వెళ్లిపోతారు.

మళ్లీ కొనాల్సి వస్తే ఇదే కొంటానా? ఇన్వర్టరే కొంటాను, రాగి కాయిలే కొంటాను, కాయిల్‌కి ఉప్పుగాలి తట్టుకునే పూత ఉందో లేదో చూస్తాను. ఈ యంత్రానికి నేను అయిదుకి నాలుగు ఇస్తాను. ఆ ఒక్కటి తగ్గింది బోర్డు వల్ల. దాన్ని మా ఇంట్లో బిగించిన తీరుకి మాత్రం ఒకటి కూడా ఇవ్వలేను.

ఈ డిసెంబరులో అవుట్‌డోర్ యూనిట్‌ని గాలి తగలని వెనక గోడకి మార్పిస్తున్నాం. పైపు ఇంకో నాలుగు మీటర్లు కావాలి, దానికి తగ్గట్టు అదనపు గ్యాస్ కూడా. పెద్దాయనకి ఫోన్ చేసి చెప్పాను. తూకం తెస్తానన్నాడు.