భావాల కార్డులు కొన్నాను, సాదా ముఖం ఒక్కటీ లేదు (5కి 3 స్టార్లు)

మా బాబుకి 13 ఏళ్లు, బైపోలార్ (మూడ్ ఒకసారి మరీ పైకి, ఒకసారి మరీ కిందికి పోయే జబ్బు) అని తెలిసి రెండేళ్లయింది. మందులతో మూడ్ చాలావరకు సర్దుకుంది గానీ ఎదుటివాళ్ల ముఖం చూసి తప్పుగా అనుకోవడం మాత్రం పోలేదు. నేను పొయ్యి దగ్గర నిలబడి సిలిండర్ ఇంకెన్ని రోజులొస్తుందో అని లెక్కేసుకుంటుంటే "ఎందుకమ్మా నా మీద కోపం?" అంటాడు. లేదురా అంటే నమ్మడు, ఇక గొడవే. అందుకే ఫోటోలో ముఖం చూసి భావం చెప్పే ఈ కార్డుల పెట్టె ఆన్‌లైన్‌లో తెప్పించాను. 40 కార్డులు, 600 రూపాయలు.

అట్ట గట్టిది, ఫోటోలు బాగున్నాయి, అక్కడ వంక పెట్టను. సంతోషం, బాధ, కోపం, భయం, ఆశ్చర్యం, అసహ్యం... ఆరూ మావాడు రెండు రోజుల్లో గడగడా చెప్పేశాడు. చెప్పడా మరి, కోపమంటే పళ్లు కొరుకుతూ, ఆశ్చర్యమంటే నోరు వెళ్లబెట్టి, అందరూ సీరియల్లో అత్తగార్లలా ఉన్నారు. ఇంట్లో ఎవరు పెడతారండీ అలాంటి ముఖాలు?

మావాడికి చిక్కంతా ఏ భావమూ లేని సాదా ముఖంతోనే, పెట్టెలో లేనిదీ అదే. ఇదేదో మా ఇంటి గోల అనుకోకండి. అమెరికాలో ఎన్‌ఐఎంహెచ్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య పరిశోధన సంస్థ వాళ్లు పిల్లలకు ముఖాలు చూపిస్తూ మెదడు స్కాన్ చేసి 2006లో ఫలితాలు బయటపెట్టారు. బైపోలార్ ఉన్న పిల్లలకు సాదా ముఖాలే మిగతా పిల్లలకంటే ఎక్కువ కోపంగా, శత్రువుల్లా కనిపించాయట, చూసి ఎక్కువ భయం కూడా వేసిందట, అదే సమయంలో మెదడులో భయం లాంటి భావాలతో సంబంధం ఉన్న అమిగ్డాలా అనే భాగం కూడా ఎక్కువగా స్పందించిందట. డాక్టరుగారు ఇది చెప్పిన రోజు నాకు రాత్రి నిద్రపట్టలేదు, కావాలని గొడవ పెట్టుకుంటున్నావని వాణ్ని ఎన్నిసార్లు తిట్టానో.

ఇప్పుడు ఫోన్‌లో మా ఫోటోలే తీసుకుని ఆడుతున్నాం. అలసిపోయి ఆఫీసు నుంచి వచ్చిన నాన్న, కూరగాయలు తరుగుతున్న నేను, టీవీ చూస్తున్న నానమ్మ. "నానమ్మకి కోపమా?" అని అడిగితే మొన్న "కాదు, అది నానమ్మ మామూలు ముఖమే" అన్నాడు, మా అత్తగారు కూడా నవ్వేశారు. వాడి మూడ్ బాగాలేని రోజు మాత్రం ఇవేవీ బయటికి తీయను, ఒకసారి తీస్తే పెట్టె గోడకేసి కొట్టాడు.

నాలుగైదేళ్ల పిల్లలకైతే కొనొచ్చు. పెట్టె మీద "బైపోలార్ పిల్లలకూ ఉపయోగం" అని వేసుకోవడం మాత్రం ఎక్కువైంది. ఓ పది సాదా ముఖాలు కలపండి అని అమ్మేవాళ్లకు రాస్తే "మీ ఫీడ్‌బ్యాక్‌కు ధన్యవాదాలు" అని మెసేజ్, పక్కనే నవ్వు బొమ్మ.